ఎనిమిది గదుల ఇంటర్వ్యూ

మా అక్క రోజెట్‌కి ఏడీహెచ్‌డీ, ధ్యాస ఒకచోట నిలవదు. టీ పెట్టడానికి లేచి కుక్కకి స్నానం చేయించి వస్తుంది. అయినా మెడిసిన్‌కి దరఖాస్తు పెట్టి ఇంటర్వ్యూ దాకా వచ్చింది.

"ఆ జబ్బు సంగతి ఎత్తావో, సీటు మీద ఆశ వదులుకో తల్లీ" అన్నాడు నాన్న.

ఆస్ట్రేలియాలో, టౌన్స్‌విల్ మెడికల్ కాలేజీలో ఇంటర్వ్యూకి ఎనిమిది గదులు. ఎనిమిది నిమిషాలకోసారి గంట కొడతారు, పక్క గదిలో కొత్త ప్రశ్న. ఆఖరి గదిలో అక్క ఉన్నదంతా చెప్పేసింది.

"మరి ఇన్ని గదులు తిరిగి అలిసిపోలేదా?" అన్నాడు అక్కడ ప్రశ్నలడుగుతున్న ముసలి డాక్టరు.

"లేదండీ. నా బుర్ర రెండు నిమిషాలకే గంట కొడుతుంది. మీరు ఎనిమిదిచ్చారు."

సీటొచ్చింది. నాన్న ఇప్పుడు తను పనిచేసే చెరకు మిల్లు దగ్గర కనిపించినవాడినల్లా ఆపుతున్నాడు: "మా పిల్లకి ఏడీహెచ్‌డీ, తెలుసా? డాక్టరవుతోంది!"