ఇంకేం లేదక్కా, గంతే

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరో ఏట. బడిలో కాదు, వాట్సాప్ గ్రూపులో. ఈ మాట వింటే అందరూ మెచ్చుకుంటారు. వాళ్లు మెచ్చుకున్నప్పుడల్లా నేను మాట మారుస్తాను. ఎందుకు మారుస్తానో ఆ గ్రూపువాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ గ్రూపు కుట్టుపని కోసం పుట్టింది. జగిత్యాలలో జాకెట్లు కుట్టే చెల్లె ఒకామె, తన దగ్గర కటింగు నేర్చుకున్నవాళ్లను, వాళ్లకు తెలిసినవాళ్లను ఒకచోట చేర్చింది. సిరిసిల్లలో నేను మిషను మీద లంగాలు కుడతాను, మా ఆయన బట్ట నేసే సాంచాలు నడుపుతాడు. నన్ను మా వాడకట్టు ఆమె చేర్చింది. కోరుట్ల అక్కను మాత్రం ఎవరో పొరపాటున చేర్చారు. ఆమె బీడీలు చుడుతుంది, సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మొదటి రోజే వాయిస్ పెట్టింది.

"నేను బీడీలు చేస్తనమ్మా. నన్నెందుకు ఏసిండ్రో నాకు తెల్వది. తీసేస్తె తీసెయ్యుండ్రి, లేకుంటె ఒక మూలకు కూసుంట."

ఎవరూ తీసెయ్యలేదు. నెల తిరిగేసరికి గ్రూపు మొత్తం ఆ మూలకే చేరింది.

మాది వాయిసుల గ్రూపు. చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి అందరం మాట్లాడేవాళ్లం, పని చేసుకుంటూ వినేవాళ్లం. నా మిషను చప్పుడు, దాని వెనక సాంచాల మోత, కోరుట్ల అక్క కత్తెరతో బీడీల తునికాకు కోస్తున్న చప్పుడు అన్నీ ఆ మాటల్లో కలిసి వచ్చేవి. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి కోడలు అలిగినా, ఎవరి కూర మాడినా ముందు అక్కడే తెలిసేది. నాకు గర్భసంచి తీసేసినప్పుడు కోరుట్ల అక్క పదిహేను రోజులు వరసగా పలకరించింది.

"ఏం తిన్నవే చెల్లె? బరువు ఎత్తకు, బిందె ముట్టకు. మీ ఆయనకు ఫోన్ ఇయ్యి, నేను తిడత."

ఇచ్చాను. నిజంగానే తిట్టింది. ఆయన నవ్వుకుంటూ బిందె మోశాడు.

చదువు రానివాళ్లం గ్రూపులో సగం మందిమి ఉండేవాళ్లం. దానికి ఒక పద్ధతి దానంతట అదే ఏర్పడింది. ఏదైనా కాయితం వస్తే ఫోటో తీసి పెట్టాలి. ముందు చూసినవాళ్లు "నేను చదువుత" అని చెప్పి, పైనుంచి కింది దాకా వాయిస్‌లో చదివి పెడతారు. ఒకరు తీసుకున్నాక ఇంకొకరు అందులో వేలు పెట్టరు. పెడితే మొదటి ఆమె మీద నమ్మకం లేనట్టు. చదివించుకున్నవాళ్లను "నీకు రాదా?" అని ఎవరూ అడగరు. కరెంటు ఆఫీసు నోటీసు, పెళ్లికార్డు, పిల్లల బడి కాయితం అన్నీ అలాగే గడిచిపోయాయి.

జగిత్యాల చెల్లెకు ఒకరోజు ఏం తోచిందో, కటింగు బల్ల మీద సుద్దతో ఒక అక్షరం రాసి ఫోటో పెట్టింది. "గిది రాసి పంపినోళ్లకే రేపటి జాకెట్ డిజైన్" అంది. గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దతో లంగా ముక్క మీద రాసి పంపాను. ఆనాటి నుంచి రోజుకొకటి. కోరుట్ల అక్క కూడా వారం రోజులు రాసింది. తర్వాత "నా కండ్లు మసక మసక అయితున్నయే, అక్షరాలన్నీ చీమల లెక్కనే ఉరుకుతున్నయ్" అని మానేసింది. నేను మానలేదు. ఏడాదిన్నరకు బస్సు బోర్డులు, పెళ్లికార్డులు చదివే దాకా వచ్చాను. నేను చదివిన మొదటి పెళ్లికార్డు విని అక్క ఏడ్చింది. "మనల ఒకతి గట్టెక్కింది" అని ఆ రోజు గ్రూపంతా వినేటట్టు చెప్పింది.

అయితే నా చదువులో ఒక మోసం ఉండేది. ఒత్తుల మీద ఒత్తులున్న మాట గానీ, ఇంగ్లీషు మాటను తెలుగులో రాసింది గానీ ఎదురైతే దాన్ని దాటేసేదాన్ని. పెళ్లికార్డులో దాటేస్తే ఎవరికీ నష్టం లేదు. ఎవరి పెళ్లి, ఎప్పుడు, ఎక్కడ అన్నది చెబితే చాలు, అందరూ శభాష్ అనేవాళ్లు. ఆ శభాష్ రుచి మరిగాను. నా మిషను పక్కన ఫోన్ మోగితే చాలు, ఎవరైనా కాయితం పెట్టారేమో, ముందు నేనే చూడాలి అని పాదం మిషను మీది నుంచి తీసేదాన్ని.

అక్క కండ్లకు పొర కమ్మింది. ఆమె భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. ఒక్కతే బిడ్డ, వెల్గటూర్‌లో ఇచ్చారు. కండ్లు కనపడడం లేదన్న సంగతి ఆమె వాడలో ఎవరికీ చెప్పుకోలేదు. బీడీలు తీసుకునే చోట తెలిస్తే ఆమె పని కార్డు తీసేసి ఇంకొకరికి ఇస్తారని భయం. అప్పటికే ఆమె చుట్టిన బీడీల్లో చాలా వాటిని బాగాలేవని పక్కన పారేస్తున్నారు. అందుకని మాకు మాత్రమే చెప్పింది. జగిత్యాలలో ఉచితంగా కంటి ఆపరేషన్లు చేస్తున్నారని తెలిసి అందరం వెంటపడి పంపించాం. పరీక్ష చేసి, గురువారం రమ్మని ఒక కాయితం ఇచ్చారు. మంగళవారం ఆమె దాన్ని ఫోటో తీసి పెట్టింది.

"గాడ మస్తు మంది ఉండ్రి, ఏం ఇనవడలే. అన్ని కాయితంల ఉన్నయన్నరు. జర ఎవలన్న సదువుండ్రి."

నేనే ముందు చూశాను. "నేను చదువుత అక్కా" అన్నాను.

పై భాగమంతా పెద్ద అక్షరాలు. గురువారం, ఎనిమిది గంటలు, ఆధార్ కార్డు, తోడుగా ఒకరు, తలస్నానం చేసి రావాలి. వేలు పెట్టుకుని చదివాను, బాగానే వచ్చింది. కింద గీతల మధ్య చిన్న అక్షరాల్లో నాలుగు వరుసలు ఉన్నాయి. మొదటి మాటలోనే మూడు ఒత్తులు. కూడబలుక్కున్నాను, రాలేదు. రెండోది ఏదో మందు పేరులా ఉంది. రికార్డింగు నడుస్తూనే ఉంది. నా గొంతు ఆగిపోయిన ఆ కాసేపట్లో నాకు అక్క కన్ను గుర్తు రాలేదు. ఇంతమంది వింటారు, సిరిసిల్ల ఆమెకు ఇంకా చదువు రాలేదనుకుంటారు, అదొక్కటే గుర్తొచ్చింది.

"ఇంకేం లేదక్కా, గంతే" అన్నాను.

"సల్లగుండు చెల్లె" అని ఆమె జవాబు పెట్టింది. పద్ధతి ప్రకారం ఆ కాయితాన్ని ఇంకెవరూ చూడలేదు.

గురువారం పొద్దెక్కాక బస్సులోంచి ఆమె వాయిస్ వచ్చింది. "ఎల్లగొట్టిండ్రమ్మా. ముందురోజు నుంచి కంట్ల చుక్కల మందు ఏసుకోవాల్నట. ఏసుకోలేదని లైన్లకెల్లి పక్కకు నిలవెట్టిండ్రు. ఏ కన్నో తెల్వనీకి నొసటి మీద స్టిక్కర్ గూడ పెట్టి మల్ల పీకిండ్రు. ఇగ దసరా అయినంకనే అట."

అప్పటికి ఇంకా వానలు పడలేదు. దసరా అంటే నాలుగు నెలలు. ఆమె గొంతులో నా మీద కోపం లేదు. నా మాటే లేదు.

గ్రూపులో అందరూ ఓదార్చడం మొదలుపెట్టారు. నేను మిషను ఆపి, మంగళవారం దాకా వెనక్కి జరుపుకుంటూ పోయి నా వాయిస్ మీద వేలు పెట్టి నొక్కాను. అందరి ఫోన్లలోంచి తీసేసే మాట ఎక్కడుంటుందో వెతికాను. ఆ అక్షరాలు మాత్రం ఒక్కసారికే చదవగలిగాను.

ఆ సాయంత్రం జగిత్యాల చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, గా ఫోటో నేను ఇప్పుడు చదివిన. చుక్కల మందు సంగతి కింద రాసే ఉన్నది. నువ్వు చదివిన వాయిస్ ఏమాయె?"

"ఫోన్ల జాగ లేదంటె కొన్ని తీసేసిన. అండ్ల గదిగూడ పోయినట్టున్నది."

"కిందిది చదివినవా మరి?"

"చదివినట్టే యాదికున్నది చెల్లె. అక్క మంచిగ ఇనలేదో ఏమో."

ఆమె "రాకపోతె రాదనరాదా అక్కా? గీడ ఎవ్వలు నవ్విండ్రు నిన్ను?" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాకు అక్షరం పెట్టిన మనిషితో నేను చెప్పిన మాటలవి. కండ్లు కనపడని ఆమె చెవుల మీదికి కూడా తప్పు నెట్టాను.

ఆ తర్వాత నేను చేసిన పని అందరికీ గొప్పగా కనిపించింది. చిన్నప్పుడు తల్లిగారింట్లో నేను బీడీలు చుట్టేదాన్ని. బడికి పోకపోవడానికి కారణం అదే. ఇన్నేళ్లయినా చేతులు ఆ పని మరిచిపోలేదు. ప్రతి ఆదివారం పొద్దున బస్సెక్కి, వేములవాడలో మారి, కోరుట్ల పోయి అక్క వాటా బీడీలు చుట్టేదాన్ని. ఆమె తడిపిన ఆకును చేత్తో తడుముతూ సర్దిస్తే నేను కోసి, చాట ఒళ్లో పెట్టుకుని చుట్టేదాన్ని. మిగతా రోజులకు గ్రూపులోని కోరుట్ల ఆడవాళ్లు ఇద్దరు వంతులు వేసుకున్నారు. ఆమె కార్డు పోలేదు.

మొదటి ఆదివారం పక్కింటామె తొంగి చూసి ఎవరని అడిగింది.

"మా చెల్లె. సిరిసిల్ల" అంది అక్క.

"నీకు చెల్లె ఎక్కడిదే? ఇన్నేండ్లల ఎన్నడు చూడలే."

"ఫోన్ల పుట్టింది" అని నవ్వి, నా గిన్నెలో ఇంకో గరిటె పప్పు వేసింది.

గ్రూపులో నాకు ఒకటే పొగడ్తలు. "సొంత అక్కచెల్లెండ్లు గూడ గిట్ల చెయ్యరు." "సిరిసిల్ల అక్క కాళ్లు మొక్కాలె." చేతులు జోడించిన బొమ్మలు, పువ్వులు. నేనూ తిరిగి చేతులు జోడించేదాన్ని. జగిత్యాల చెల్లె ఒక్కతే ఏ బొమ్మా పెట్టలేదు.

ఆరో ఆదివారమో, ఏడోదో. చుడుతూ చుడుతూ మాటల్లో అక్క బిడ్డ గురించి అడిగాను. ఆమె తల్లితో మాట్లాడడం మానేసి నెల దాటిందట.

"ఏమైందక్కా?"

"ఏమైతది? గా రోజు దవాఖానల అందరి ముంగట తిట్టిన. ఇంటర్ సదివినవు, కాయితం సూడరాదా, నీ సదువు పొయ్యిల పెట్ట అన్న."

"ఆమె చూడలేదా మరి?"

"బుధారం పొద్దుగాలనే వచ్చింది. కాయితం సూపియ్యమ్మా అన్నది. నేనే సూపియ్యలే. మా సిరిసిల్ల చెల్లె అంతా సదివి చెప్పింది, నువ్వు మల్లేం సదువుతవు, ఆమె మీద నమ్మకం లేదా అన్న. నేనే వద్దని, మల్ల నేనే తిట్టిన. మన తప్పు ఒప్పుకునుడు మనకు రాదు గదా."

నా చేతిలోని బీడీ విడిపోయింది. అప్పటిదాకా నేను పాడుచేసింది నాలుగు నెలలే అనుకున్నాను. వాటిని ఆదివారాలతో పూడుస్తున్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను. తల్లికీ బిడ్డకూ మధ్య నా మాట అడ్డం పడి ఉందని, నేను ఆమె పప్పన్నం తింటూ కూర్చున్నానని అప్పుడు తెలిసింది.

చాట కింద పెట్టి చెప్పేశాను. కింది నాలుగు వరుసలు చదవలేకపోయానని, అయినా గంతే అన్నానని, వాయిస్ తీసేశానని, జగిత్యాల చెల్లెకు అబద్ధం చెప్పానని. ఆమె ఆకు సర్దుతూనే ఉంది. నేను ఆపిన తర్వాత కూడా సర్దుతూనే ఉంది. చివరికి ఫోన్ తడిమి నా చేతికిచ్చింది.

"నా బిడ్డకు చెయ్యి. నాకు కాదు, దానికి చెప్పు."

బిడ్డ ఎత్తింది. నేనెవరో చెప్పి, జరిగింది చెప్పాను.

"నాకు ఎరుకే చిన్నమ్మా" అంది. "దవాఖానలనే కాయితం చదివిన. నీ వాయిస్ గూడ అమ్మ ఫోన్ల ఇన్న. నువ్వింక తీసెయ్యలే అప్పుడు."

"మరి చెప్పలేదేంది బిడ్డా? తిట్లెందుకు పడ్డవు?"

"చెప్తె అమ్మ మీ గ్రూపులకెల్లి ఎల్లిపోతుండె. పొద్దంత ఒక్కతే కూసుంటది. నాన్న ఎన్నడో ఒకసారి వస్తడు, నేను గీడుంటి. మీరు తప్ప దానితోటి మాట్లాడెటోళ్లు ఎవలున్నరు?" తనే మళ్లీ అంది. "నాకు కోపం లేదనుకోకు. మస్తున్నది."

"ఏమంటున్నది?" అని అక్క అడిగింది.

అప్పుడు కూడా సగమే చెప్పి ఊరుకోవాలనిపించింది. అంతా చెప్పాను, కోపం ముచ్చటతో సహా. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకుని నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "అన్నం తిన్నవా బిడ్డా" అని అడిగింది. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే మిగిలిన ఆకు చుట్టేసి నేను బస్సుకు పోయాను. ఆ రోజు ఆమె గడప దాకా రాలేదు.

గ్రూపులో నేనే చెప్పాను. వాయిస్‌లో కాదు, రాసి. రెండు రోజులు పట్టింది. ఒకామె "నీది పెద్ద మనసు" అని దానికి కూడా పువ్వు పెట్టింది. ఆ పువ్వు చూడలేకపోయాను. జగిత్యాల చెల్లె నేను రాసిన దాంట్లో తప్పులు దిద్ది తిరిగి పంపింది. వేరే ఒక్క మాట కూడా రాయలేదు.

దసరా తర్వాతి ఆపరేషన్ కాయితం గ్రూపులోకి రాలేదు. బిడ్డ వచ్చి చదివి, చుక్కలు వేసి, తానే తీసుకుపోయింది. పట్టీ విప్పిన నాలుగో రోజు నేను చూడడానికి పోయాను. అక్క నల్లటి అద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. బిడ్డ నన్ను చూసి, రమ్మని అనకుండానే కుర్చీ వేసి వంటింట్లోకి పోయింది. అక్క అద్దాలు తీసి నన్ను దగ్గరికి పిలిచింది. ఇంతకాలం ఆమె నన్ను మసకలోనే చూసింది.

"ఓయమ్మో, ఫోటోల ఎర్రగుంటివి. గింత నల్లగున్నవేందే?" అని నవ్వింది.

నేనూ నవ్వబోయాను. ఆమె గడ్డం పట్టుకుని నా ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి, ముడతలు, మచ్చలు ఒక్కొక్కటే చూడసాగింది. ఆ కన్ను బాగుపడాలని నేను మొక్కని దేవుడు లేడు. ఇప్పుడది నా మీది నుంచి ఎప్పుడు పక్కకు తిరుగుతుందా అని కదలకుండా కూర్చున్నాను.