తాత మింగించిన మక్కలు

నా చిన్నప్పుడు మా పెన్‌పహాడ్‌లో నన్ను అందరికంటే ఎక్కువగా ఎరిగింది ఆముదం సీసా. నాకు విరేచనం సాఫీగా అయ్యేది కాదు. రోజులు గడిచేకొద్దీ కడుపు గట్టిపడేది, అన్నం సయించేది కాదు. చిన్నమ్మ కాళ్లు పట్టుకుంటే అమ్మ ముక్కు మూసి గోరువెచ్చటి ఆముదం గొంతులో పోసేది. ఆ పూటకు కడుపంతా అల్లకల్లోలం. వారం తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చేది. అమ్మ ఇంకో గుక్క పెంచేది. ఇట్లా పెంచుకుంటూ పోతే నేను బతుకుతానా అని నిజంగానే భయం వేసేది.

మా తాతకు, అంటే నాయన తండ్రికి, గొర్ల మంద ఉండేది. గొర్రె మేత ముట్టకపోతే ఆయన వెంటనే మందు పోసేవాడు కాదు. ముందు అది పడుకున్న చోట గొంతుకూర్చొని పెంటికలు చూసేవాడు. ఎండినవా, మెత్తనివా, అసలు వేసిందా లేదా అని. మేమంతా నవ్వుకునేవాళ్లం. ఒకనాడు అమ్మ ఆముదం సీసా దించుతుంటే తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బిడ్డా. యాడ ఆగిందో సూడకుండ ఎంత పోస్తే ఏం లాభం?"

"కడుపులకు తొంగి ఎట్ల సూస్తవ్ మామా?" అంది అమ్మ.

తాత గుప్పెడు మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఉడకబెట్టించి, నమలకుండా నీళ్లతో మింగమన్నాడు. మెత్తగా నమలమని రోజూ తిట్టే ఇంట్లో ఇది నాకు పండుగే. మర్నాడు మందతో పాటు నన్నూ ఊరి బయటి చెలకకు తీసుకుపోయాడు. గొర్లు మేస్తుండగా నాకు పనిబడింది. తాత అటు తిరిగి నిలబడి, గొర్లను అదిలిస్తూ, నడుమ నడుమ దగ్గుతూ ఉన్నాడు. ఆయన అక్కడే ఉన్నాడని నాకు తెలియడానికే ఆ దగ్గు. పని హాయిగా అయిపోయింది. తాత పుల్లతో కదిలించి చూస్తే పసుపుపచ్చ గింజలు కనిపించాయి. లంకెబిందెలు దొరికినంత సంబరపడ్డాడు.

"లోపల దారి మంచిగనే ఉంది బిడ్డా. నిన్న మింగిన గింజలు ఇయ్యాల దిగినయ్. ఇంటికాడ ఆపుతున్నది నువ్వే. దేనికి భయపడుతున్నవ్?"

అప్పుడు చెప్పాను. ఇంటి వెనుక తుమ్మల చాటుకు పోతే పందులు మీదికొస్తాయని, ఒకసారి ఒకటి నన్ను దొర్లించేసిందని, అప్పటి నుంచి అక్కడ కూర్చుంటే ఒళ్లంతా బిగుసుకుపోతుందని. సిగ్గుతో అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. తాత నవ్వలేదు. మర్నాటి నుంచి కర్ర పట్టుకొని ఆ తుమ్మల దగ్గర నాకు కావలి కాశాడు, అటు తిరిగి, దగ్గుతూ. ఆముదం దీపాలకు పోయింది, నాకు ఆకలి తిరిగొచ్చింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఆ పాత జబ్బు కూడా వెతుక్కుంటూ వచ్చింది. పొడులు, సిరప్‌లు, మాత్రలు అన్నీ అయ్యాయి. ఈమధ్య సూర్యాపేటలో ఒక డాక్టరమ్మ కొత్త మందు రాయకుండా, లోపల బుల్లి ఉంగరాలున్న గొట్టం మాత్ర ఒకటి ఇచ్చింది.

"ఇది మింగి, కొన్ని రోజులాగి ఎక్స్‌రేకు రా అమ్మా. ఉంగరాలు పేగంతా చెదిరి ఉంటే ఒక తీరు వైద్యం, కిందనే ఆగితే ఇంకో తీరు. ఏది పనిచేస్తదో ముందుగాల్నే అంచనా దొరుకుతది" అంది.

నేను పకపకా నవ్వాను. ఆమె కంగారుపడితే మక్కల సంగతి చెప్పాను. ఆమె నాకంటే ఎక్కువ నవ్వింది.

ఎక్స్‌రేలో ఉంగరాలన్నీ, స్టేజీ రాగానే బస్సు తలుపు దగ్గర గుమిగూడిన జనంలా, కిందనే ఉన్నాయి. ఇంకో చిన్న పరీక్ష కూడా చేశారు. మందు పెంచి లాభం లేదని, వదలాల్సిన కండను నేను తెలియకుండానే బిగిస్తున్నానని, దాన్ని వదలడం నేర్పిస్తామని చెప్పారు. సంతోషంతో డాక్టరమ్మ చెయ్యి పట్టుకున్నాను.

అది నేర్పే అమ్మాయి, "భయం లేని జాగ ఒకటి యాది చేసుకొని వదులు అమ్మా" అంటుంది. నేను కళ్లు మూసుకుంటాను. చెలక, గొర్లు, అటు తిరిగి నిలబడ్డ తాత. ఆయన దగ్గు వినబడగానే ఒళ్లు దానంతటదే వదులవుతుంది. చాలా బాగా నేర్చుకుంటున్నానని ఆ అమ్మాయి మెచ్చుకుంటుంది. అటు తిరిగి కావలి కాస్తున్న మనిషి ఒకడున్నాడని ఆమెకు ఇంకా చెప్పలేదు.