దిబ్బకు తమిళ మాట

హోసూరు పక్కన ఫ్యాక్టరీ క్వార్టర్సు లేవకముందు ఆ నేలంతా మా ఊరి చేలే. ఒక పక్క బెంగళూరు రోడ్డు, ఇంకో పక్క రాళ్ల గుట్ట, నడుమ ఎర్రమట్టిలో రాగి, అనప. ప్రతి చేనుకూ ఒక పేరుండేది. ఇప్పుడు ఫస్ట్ క్రాస్, సెకండ్ క్రాస్ అంటారు. ఏ దిక్కుమాలినవాడు పెట్టాడో గాని, ఆ పేర్లు ఈనాటికీ నా నోటికి పట్టవు.

మా రాగిచేను చివర చిన్న మట్టిదిబ్బ ఉండేది. నాకు నాలుగేళ్లప్పుడు, మూడు నెలల చెల్లెలు జ్వరంతో పోతే అక్కడే పూడ్చారు. గోరి అనే మాట అమ్మ నోట రాలేదు. "దిబ్బ కాడికి పోయొస్తా" అనేది. ఇంట్లో అందరమూ అలాగే అనేవాళ్లం.

డెబ్బైల చివర్లో కాలనీకి భూములు తీసుకుంటూ సర్వే అధికారి వచ్చాడు. ఆయనకు తమిళం తప్ప మరోటి రాదు. నాయనకు సంతలో బేరానికి సరిపడే తమిళం వచ్చు గాని, ఆఫీసరు ముందు అదీ ఎగిరిపోయింది. నేను తమిళ బడిలో ఎనిమిదో తరగతి, క్లాసులో ఫస్టు. పొగరు నెత్తికెక్కి ఉండేది.

చేలో వదిలిపెట్టాల్సింది ఏమైనా ఉందా అని ఆయన అడిగాడు.

"ఆ దిబ్బొకటి మాకు వదిలిపెట్టమని చెప్పమ్మా" అన్నాడు నాయన.

దిబ్బకు నాకు తెలిసిన తమిళం ఒక్కటే. రోజూ పొద్దున పేడ మోసుకుపోయి వేసే పెంటదిబ్బది. "కుప్పమేడు" అన్నాను గడగడా. ఆయన పకపకా నవ్వి, పటంలో రాసుకున్నాడు.

నేనన్నది చెత్తకుప్ప అని ఆ నవ్వుతోనే నాకు తెలిసింది. కానీ తప్పు దిద్దుకుంటే నాకు తమిళం రాదనుకుంటాడు. నాయన ఆయనకు రెండు చేతులెత్తి దండం పెడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

భూమి పోయాక వేప్పనపల్లి దగ్గర అమ్మ పుట్టింటి ఊరికి మారాం. ఎనభైల్లో క్వార్టర్సు లేచాయి. నాయన మళ్లీ ఆ దారి తొక్కలేదు. అమ్మ మాత్రం దిబ్బను చూడాలని పట్టుబట్టింది. కృష్ణగిరిలో బస్సు మారి తీసుకెళ్లాను.

చేలన్నీ చదును చేశారు గాని ఆ మూలలో ఇల్లు కట్టలేదు. పటంలో రాసిన ప్రకారం చుట్టూ గోడ కట్టి, కాలనీ చెత్తంతా అందులో పోయించారు. ఎంగిలాకులు, పగిలిన సీసాలు, ఈగలు. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. చాలాసేపు చూసి నా చెయ్యి పట్టుకుంది.

"కొత్తగా వచ్చినోళ్లు, ఆడ ఏముండాదో వాళ్లకేం తెలుసమ్మా. చేలన్నీ పోయినా ఇదొకటి మనకు వదిలినారు. ఆ పొద్దు నువ్వు తమిళంలో బాగా చెప్పబట్టే కదా."

అవునన్నాను.