సన్యాసిరావు మాస్టారి వెనక పరుగు

పొద్దున్నే అరకు స్టేషను దగ్గర టీ కొట్టులో ఎవరో పెద్దాయన ప్యాంటు మోకాలి దాకా మడిచి నొప్పుల బామ్ రాసుకుంటున్నారు. మంచు ఎంత దట్టంగా ఉన్నా ఆ వాసన దారి తప్పదు. నేరుగా నా ముక్కులోకి వచ్చింది. దాని వెనకే సన్యాసిరావు మాస్టారూ జ్ఞాపకానికి వచ్చేశారు.

ఆయన మా డిగ్రీ కాలేజీలో వ్యాయామం మాస్టారు. విజయనగరం వైపు మనిషి. ఎప్పుడూ మోకాళ్లకు ఆ బామే రాసుకుంటూ కనిపించే ఆయన్ను చూసి వ్యాయామం మీద నమ్మకం కుదిరినవాళ్లు తక్కువ. నేను కొండ మీది ఊరి నుంచి రోజూ కాలేజీకి పరుగెత్తుకొస్తానని ఎవరో చెప్పారట. బస్సు లేకపోవడమే కారణమని విన్నవించుకున్నా వినకుండా నన్ను మారథాన్‌కు పంపాలని నిశ్చయించారు. అందులో చేరాలంటే ఆ చలికాలంలో జరిగే హాఫ్ మారథాన్‌లలో ఒక్కటైనా గడువులోగా పూర్తి చెయ్యాలి. చలికాలమంటే మాకు కాఫీ పళ్లు కోసే కాలం. నాన్న బాగా ఆలోచించి నన్ను ఒక్క చలికాలానికి వదిలాడు. అర్హత వస్తే సరే, రాకపోతే పరుగు మాట మళ్లీ ఎత్తకుండా తోటలోకి రావాలి.

శిక్షణ అంటే నేను ఘాట్ రోడ్డు మీద పరుగెత్తడం, మాస్టారు వెనక స్కూటర్ మీద హారన్ కొడుతూ రావడం. ఎత్తు ఎక్కువగా ఉన్నచోట స్కూటర్ ఆగిపోయేది. నేను వెనక్కి వచ్చి తోసేవాణ్ని. నా కాళ్ల బలంలో ఆ స్కూటర్ వాటా తక్కువేమీ కాదు.

మొదటి పందెం విశాఖ బీచ్ రోడ్డు మీద. గడువు కొద్దిలో తప్పింది. టైము ఎక్కడ పోయిందని మాస్టారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. మా కొండ బాటల్లో సంతకు వెళ్లేటప్పుడు ఒకరి వెనక ఒకరు నడుస్తారు. పెద్దవాళ్లను ఊరికే దాటిపోకూడదు. ముందుకెళ్తానని అడిగి, వాళ్లు సరేనన్నాకే దాటాలి. బీచ్ రోడ్డు మీద నెరిసిన తల కనిపించినప్పుడల్లా నేను అలాగే అడిగాను. కొందరు తలూపారు. చెవుల్లో పాటలు పెట్టుకున్నవాళ్ల వెనక కాస్త ఎక్కువసేపు పట్టింది. ఒకాయన మాత్రం ఏ ఊరు బాబూ అని మొదలుపెట్టి, అరకులో చూడవలసినవన్నీ చెప్పించుకున్నారు.

మాస్టారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. బామ్ తీసి మోకాలికి రుద్దుకున్నారు.

"అడగడం మానకురా గుంటడా," అన్నారు. "ఆళ్లు జవాబు సెప్పీదాకా మాత్రం ఆగకు."

ఆ తర్వాతి పందెం నాడు నాకు జ్వరం. మిగిలింది ఒక్కటే, అరకులోనే. నన్నొక్కణ్నే చలిలో పరుగెత్తించడం బాగోదని మాస్టారు ఐదు కిలోమీటర్ల పరుగుకు తన పేరు ఇచ్చారు. కాలేజీలో కొందరు అంబులెన్సు గురించి వాకబు చేశారు. ఐదు కిలోమీటర్లది ఆలస్యంగా మొదలైంది గాని, రెండు పరుగులకూ చివరి దారి ఒకటే. ఆ దారిలో నెరిసిన తలలను అడుగుతూ, ఆగకుండా దాటుతూ వస్తున్న నాకు, ముందు మాస్టారు కుంటుతూ కనిపించారు. ముందుకెళ్తాను మాస్టారూ అన్నాను. నోరు అంది గాని కాళ్లు ఆయన అడుగులకు సరిపడా నెమ్మదించాయి. గడువు దగ్గరపడుతోంది.

ఆయన వెనక్కి తిరగలేదు.

"ఏటి సేత్తన్నావురా నా ఎనకాల? బేగి ఎల్లు."

వెళ్లాను. గడువు ఇంకా కొంచెం మిగిలి ఉండగానే గీత దాటాను.

మాస్టారు వచ్చేసరికి నిర్వాహకులు బ్యానరు చుట్టేస్తున్నారు. కాసేపు ఉంచమని వాళ్లను బతిమాలుకోవలసి వచ్చింది. ఆయన గీత దాటి, నా భుజం మీద బరువంతా వేసి, అయిందేటి అని అడిగారు. అయిందన్నాను. అయితే మీ నాన్నకు ఫోన్ చెయ్యమన్నారు.

మారథాన్ కూడా పరుగెత్తాను. అందులో నా స్థానం గురించి పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. కిందటేడు మాస్టారు పోయారు. ఇప్పుడు కాలేజీ పిల్లలను పందేలకు నేనే తీసుకెళ్తున్నాను. వాళ్లు పరుగు ముగించి, ఇడ్లీలు తిని, వ్యానులో కూర్చుని నన్ను రమ్మని కేకలేస్తుంటారు. అందరికంటే చివర వచ్చే మనిషి గీత దాటేదాకా నేను కదలను. ఆ మనిషి ఎవరో నాకు తెలియాల్సిన పని లేదు.