నడిమి అద్దం

జమ్లి తప్పిపోలేదు. ఈ మాట మొదటే చెప్పకపోతే ఆమె ఊరుకోదు. పోయిన ఎండాకాలం ఇల్లందు సంత నుంచి తిరిగొస్తూ ఆమె ఎక్కిన బస్సు తండా వైపు రాకుండా ఏన్కూరు పోయింది, అంతే. తప్పు బస్సుది. ఎక్కేటప్పుడు ఇది ఎటు పోతుందని ఆమె అడగని మాట నిజమే గానీ, నలభై ఏళ్లుగా అడగని మనిషి ఆ ఒక్కరోజే ఎందుకు అడుగుతుంది చెప్పండి.

కొడుకు లాలు మాత్రం దాన్ని తప్పిపోవడమే అన్నాడు. అతనిది ఆటో. తల్లి ఎంతకీ రాకపోయేసరికి ఇల్లందు అంతా గాలించి, చివరికి ఎవరో పుణ్యాత్ముడు ఫోను చేస్తే ఏన్కూరు పరుగెత్తాడు. అక్కడ టీ కొట్టు బల్ల మీద ఆమె కాళ్లు ఊపుకుంటూ వక్క నములుతోంది. లాలు ఆమె ముందు చతికిలబడి, నలుగురూ చూస్తుండగా భోరుమన్నాడు. నలభై అయిదేళ్ల మగవాడు అలా ఏడిస్తే జమ్లికి సిగ్గనిపించింది. రెండు రోజులు తిరక్కుండానే అతను ఇంటికి రేకు గేటు పెట్టించి తాళం వేశాడు. అది చూశాక సిగ్గు పోయి కోపం వచ్చింది.

జమ్లికి అరవై ఎనిమిదేళ్లు. ఇల్లందుకు ఇవతల, అడివి మొదలయ్యే చోట వాళ్ల తండా. కోడళ్లూ మనవరాళ్లూ చీరల్లోకీ చుడీదార్లలోకీ మారిపోయినా, ఆమె ఇంకా అద్దాల రవిక, కుచ్చుల లంగా, మోచేతి దాకా గాజులు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ. మనకు అర్థం కావాలి కాబట్టి తెలుగులో చెబుతున్నాను. యాడీ అంటే అమ్మ, దాదీ అంటే నాయనమ్మ, ఈ రెండు మాటలూ గుర్తుంచుకుంటే చాలు.

భర్త బిచ్యా ఉన్నప్పుడు ఆమె సంతకు ఎడ్ల బేరానికి అతని వెనకాలే పోయేది. అతను పోయాక ఊరికే పోయేది. సంతలో ఆమె కొనేది పిడికెడు వక్కలు, రెండు ఉండల దారం. కానీ అక్కడ పూసలమ్మే మనిషి లేచి చోటిస్తుంది, ఎండుచేపల ఆమె బాగోగులు అడుగుతుంది, ఎవరో ఒకరు బిచ్యా పేరెత్తుతారు. వారానికి ఆ ఒక్కపూట ఆమె ఎవరి తల్లీ కాదు, ఎవరి అత్తా కాదు, జమ్లి. ఆ పూట కూడా లేకుండా గేటు లోపల కూర్చోమంటే ఆమె అన్నం మానేసింది.

మధ్యలో పడింది మనవరాలు మనోజ్ఞ. ఇల్లందులో సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేస్తుంది, మాట పదును.

"నాన్నా, తాళం తీయ్. దాదీకి ఒక బిళ్ళ తెస్త. అది ఆమె దగ్గరుంటే యాడున్నదో మన ఫోన్లల చుక్కలెక్క కనబడుతది. చుట్టుపక్కల ఎవరి ఫోనున్నా చాలు. అడివి లోపలికి పోతేనే కనబడది."

"నేను అడివికి పోను, సంతకే పోత," అంది జమ్లి గోడ వైపు తిరిగి.

లాలు చేతిలో తాళంచెవిని ఒకసారి తిప్పాడు. "గీ నెల చూస్త. నెల తిరిగేసరికి గూడ బిళ్ళ ఒక తాన, మనిషి ఒక తాన ఉంటే తాళమే. మళ్ల నన్ను అడగొద్దు."

బిళ్ళ వచ్చింది. తెల్లగా, గుండ్రంగా, రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దగా, పెసరవడ లాగా మధ్యలో ఉబ్బుగా ఉంది. మనోజ్ఞ ఫోను తెరిచి చూపించింది. "గీ చుక్క చూసినవా దాదీ? గిది నువ్వే."

"నేనా? గింత గుండ్రంగ ఉన్ననా?" అని జమ్లి నెల తర్వాత మొదటిసారి నవ్వింది.

నవ్వు అక్కడికే. మొదట దాన్ని రబ్బరు తొడుగులో పెట్టి, తాడు కట్టి మెడలో వేశారు. మెడలో తాడు ఎవరికి కడతారో జమ్లికి తెలుసు. మర్నాడు లాలు చుక్క వెంట పరుగెత్తుకుంటూ బడి వెనక్కి పోతే, అక్కడ వాళ్ల మేక, మెడలో బిళ్ళతో, మధ్యాహ్నం భోజనం వండేవాళ్లు పారేసిన కాయగూరల తొక్కలు నములుతోంది.

రెండోది తాళంచెవుల రింగు. పైటకొంగుకు పిన్నీసుతో తగిలించారు. సంత నుంచి వచ్చేటప్పుడు బస్సులో రింగు నోరు తెరుచుకుంది, బిళ్ళ సీటు కిందికి పోయింది. ఆమె తండా దగ్గర దిగి, ఎదురింటి అరుగు మీద ఎవరితోనో ముచ్చట్లలో పడింది. చుక్క మాత్రం కొత్తగూడెం దాటింది, బూర్గంపాడు దాటింది, భద్రాచలం దగ్గర గోదావరి వంతెన మీదికి పోయి అక్కడ ఆగిపోయింది. ఫోను చూస్తున్న కోడలు శారద చేతిలో చేట కింద పడింది. వంతెన మీద బళ్లు ఆగిపోయాయని వాళ్లకేం తెలుసు. పావుగంట తర్వాత ఎదురింటి అరుగు మీంచి ఆమె నవ్వు వినబడింది. బిళ్ళ మర్నాడు కండక్టరు తెచ్చిచ్చాడు. లాలు దాన్ని అందుకున్నాడు గానీ తల్లి మొహం చూడలేదు.

మూడోసారి జమ్లే తెలివి చూపించి, ఎప్పుడూ వదలని వక్కల స్టీలు డబ్బాలో దాన్ని దాచింది. ఇనుము లోపల బిళ్ళ గొంతు బయటికి రాదట. ఆమె సంతకు పోయి వచ్చినా చుక్క ఇంటి దగ్గరే ఉంది. ఇంట్లోనే ఉందనుకుని ఎవరూ వెతకలేదు. ఆమె తనంతట తనే గేటు తోసుకుని లోపలికి వచ్చేసరికి లాలు ఫోనులో చుక్కనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "గీ పొద్దు మళ్ల ఏన్కూరు పోతే నాకెట్ల తెలుస్తుండె?" అని, తాళం తెచ్చి గేటు కొక్కేనికి వేలాడదీశాడు. వెయ్యలేదు, ఊరికే వేలాడదీశాడు. నెలకు ఇంకా మూడు రోజులున్నాయి.

ఆదివారం దుకాణానికి సెలవు. మనోజ్ఞ సంచి నిండా రకరకాల తొడుగులు తెచ్చి చాప మీద పరిచింది. తోలుది, రబ్బరుది, గడియారం పట్టీలాంటిది, అంటించేది. జమ్లి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని లాగి చూసింది. తోలుదానికి కుట్లు దూరం దూరంగా ఉన్నాయంది. పట్టీ పెట్టుకోవడానికి చేతి మీద గాజులు చోటివ్వవంది. అంటించేది చెమటకు ఊడుతుందంది. పెళ్లిచూపుల్లో పిల్లలకు వంకలు పెట్టినట్టే పెట్టింది. మనోజ్ఞకు విసుగొచ్చింది.

"అన్నిట్ల తప్పులే. మరి ఏంది చెయ్యమంటవ్?"

జమ్లి బిళ్ళను అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. "దీనికి దారం ఎక్కనీకి చెవి లేదు," అంది.

"అవ్. గందుకే తొడుగు."

"అద్దానికి గూడ చెవి ఉండదు గదనే."

లేచిపోయి ట్రంకుపెట్టె తెరిచింది. పెళ్లికి తల్లి కుట్టి ఇచ్చిన వక్కల సంచి తెచ్చింది. ఎరుపు మీద నీలం దారం, అంచున గవ్వలు, చుట్టూ ఎనిమిది చిన్న అద్దాలు, నడిమిన ఒక పెద్దది. స్టీలు డబ్బా కొనుక్కున్నాక దాన్ని పెట్టెలో పడేసింది. యాభై ఏళ్ల సంచి, ఒక్క అద్దం కూడా ఊడలేదు. ఏ అద్దానికీ బెజ్జం లేదు, జిగురు లేదు. దాని మీద అడ్డంగా రెండు దారాలు, నిలువుగా రెండు దారాలు వేసి, ఆ నాలుగింటినీ పట్టుకుని చుట్టూ కుట్టుకుంటూ లాగితే దారం అంచంతా బిగుసుకుని అద్దాన్ని లోపల కూర్చోబెడుతుంది. మొహం కనబడుతూనే ఉంటుంది, మనిషి బయటికి రాలేడు.

బిళ్ళ చిన్న అద్దాల చోట పట్టదు. పట్టేది నడిమి దాని చోటే. కొత్త పెళ్లికూతురిగా బండిలో ఈ తండాకు వస్తూ జమ్లి తన మొహం చూసుకున్నది ఆ అద్దంలోనే. కత్తెర పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. తెంచాల్సింది తల్లి వేసిన దారం.

"వద్దులే దాదీ, వేరే సంచి కొత్తగ కుట్టుకుందాం," అంది మనోజ్ఞ.

"కొత్త సంచి నేను మర్చిపోత. ఇది నా నడుముకు ఎరుక."

తెంచింది. అద్దం తీసి మనవరాలి ఒళ్లో వేసింది. దారానికి తేనెమైనం పట్టించి, బిళ్ళ చుట్టూ గుడ్డపేలికను ఉంగరంలా చుట్టి, కుట్టడం మొదలుపెట్టింది. అద్దానికి రెండు చుట్లు చాలు, ఈ ఉబ్బుదానికి నాలుగు. కుడుతూ, తల ఎత్తకుండానే అంది.

"ఒక మాట చెప్త. మీ నాయనకు చెప్పకు."

"ఏంది?"

"ఏన్కూరుల టీ కొట్టాయన నీది ఏ ఊరమ్మా అని అడిగిండు. నాకు మన తండా పేరు నోటికి రాలే. ఎంత గుంజినా రాలే. మా అమ్మగారి తండా పేరు చెప్పిన. గందుకే ఫోను ఆలస్యమైంది. వాళ్లు మొదలు ఆడికి చేసిన్రు."

ఇన్నాళ్లూ తప్పు బస్సుదని గొంతు చించుకున్న మనిషి ఈ మాట లోపల పెట్టుకుని తిరిగింది. జమ్లికి భయం ఉంది. గేటంటే కాదు, ఆ పేరు మళ్లీ ఎప్పుడు పోతుందోనని.

నాలుగో చుట్టు అయ్యాక జమ్లి సంచిని బోర్లించి చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపింది. అద్దం లోపల కొంచెం వదులున్నా టకటకమంటుంది. చప్పుడు లేదు. తల్లి నేర్పిన పరీక్ష అది.

"మంచిగనే ఉన్నది గానీ దాదీ," అంది మనోజ్ఞ, "లోపల బ్యాటరీ ఏడాదే వస్తది. తర్వాత గీ కుట్టు తెంచి, బ్యాటరీ మార్చి, మళ్ల కుట్టాలె."

జమ్లి సూదిని దారపు ఉండకు గుచ్చింది. ఏడాది అనే మాటను లోపల కొలుచుకుంది. తండాలో ఈ కుట్టు తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు.

"అద్దం తియ్యి," అంది. "నీ పాత చున్నీ తే. కూసో."

ఆ ఆదివారమూ, తర్వాత ఇంకో అయిదు ఆదివారాలూ మనోజ్ఞ వేళ్లు పొడుచుకుంది. ఫోను మీద పరుగులు పెట్టే బొటనవేలు సూది దగ్గర కుంటింది. జమ్లి తెంచమనేది, మళ్లీ కుట్టమనేది, జాలి చూపించలేదు. లాలు ఇది చూసి గేటు కొక్కెం నుంచి తాళం తీసి ఆటోలో పడేశాడు.

ఆ ఏడాదంతా జమ్లి ప్రతి వారం సంతకు పోయింది. రెండుసార్లు తప్పు బస్సెక్కింది. రెండుసార్లూ ఆమె దిగి కంగారు పడేలోపే లాలు ఆటో ఎదురొచ్చింది. "గీ తొవ్వల పోతుంటే నువ్వు కనబడ్డవ్ యాడీ," అన్నాడు. అబద్ధమని ఆమెకు తెలుసు. ఎక్కి కూర్చుంది.

ఈ ఎండాకాలం, బిళ్ళలో బ్యాటరీ అయిపోవచ్చిందని ఫోను చెప్పింది. మనోజ్ఞ కుట్టు తెంచి, కొత్త బ్యాటరీ వేసి, సంచిని దాదీ చేతిలో పెట్టింది. జమ్లి అడ్డంగా రెండు దారాలు వేసింది. నిలువుగా ఒకటి వేసింది. ఆ తర్వాత సూది గాలిలో ఆగిపోయింది. కొంతసేపు ఎదురుచూసింది, రెండో నిలువు దారం ఎక్కణ్నుంచో వస్తుందేమో అన్నట్టు. రాలేదు. మనవరాలి వైపు చూసింది.

"తే దాదీ," అని మనోజ్ఞ సూది అందుకుంది. రెండో నిలువు దారం వేసి, నాలుగింటినీ పట్టుకుని నాలుగు చుట్లు కుట్టింది. ముడి వేసి సంచి ఇచ్చింది.

జమ్లి సంచిని బోర్లించి చెవి దగ్గర ఊపింది. ఆమె మొహం మారిపోయింది. వేలితో ఒక చోట నొక్కి చూపించింది.

"ఇక్కడ వదులున్నది. గీ సందుల నుంచి జారి నేను పోత."

మనోజ్ఞకు కళ్లు నిండాయి. ముడి విప్పింది, ఆ పక్క చుట్లు తెంచింది. కళ్లు తుడుచుకుని మళ్లీ కుట్టింది. ఈసారి దారం వేలికి కోసుకుపోయేంత గట్టిగా లాగింది.

జమ్లి మళ్లీ ఊపింది. చాలాసేపు విన్నది.

"ఆ. ఉన్న," అంది.

సంచి నడుమున దోపుకుని, గేటు తెరుచుకుని, సంత బస్సుకు బయల్దేరింది.