పసుపు రంగు ఫలితం

బోధన్ నుంచి రోజూ బస్సులో నిజామాబాద్ వచ్చే సౌందర్య ఏం పని చేస్తుందో ఇంట్లోవాళ్లకు సరిగ్గా తెలియదు. "రోజు కంప్యూటర్ల పరీక్షలేనట" అని వాళ్లమ్మ చెబితే, ఇంకా పరీక్షలేనా పాపం అని వాడకట్టువాళ్లు జాలిపడేవారు.

ఆమె పనిచేసేది భానుప్రసాద్ నడిపే చిన్న కంపెనీలో. అక్కడ పసుపు ఉడకబెట్టే బాయిలర్లకు కంట్రోలర్ పెట్టెలు తయారవుతాయి. కొమ్ములు ఉడకగానే ఆవిరిని ఆపడం ఆ పెట్టె పని. అందులోని ప్రోగ్రాములన్నిటికీ వంతులు పంచే పెద్దదిక్కు కెర్నెల్. దాన్ని మార్చినప్పుడల్లా తీరిక చూసుకుని పరీక్షించేవారు. ఆ తీరిక ఎప్పుడూ పెట్టెలు అమ్ముడుపోయాకే దొరికేది.

వానాకాలమంతా కూర్చుని సౌందర్య ఆ పద్ధతి మార్చింది. ఇప్పుడు కోడ్‌లో ఎవరు ఒక్క అక్షరం దిద్దినా కొత్త కెర్నెల్ దానంతటదే తయారై, బల్లమీది పెట్టెలోకి ఎక్కి, పరీక్షలన్నీ నడిచి, ఫలితం గోడమీది టీవీలో పడుతుంది. నెగ్గితే ఆకుపచ్చ, తప్పితే ఎరుపు.

భానుప్రసాద్ టీవీ ముందు కొబ్బరికాయ కొట్టాడు. వెంటనే ఎరుపు వెలిగింది.

"ఏందమ్మా గిది? గిన్ని రోజులు మంచిగనే ఉండె గదా! నువ్వు పరీక్ష పెట్టినంకనే ఖరాబైంది."

"ముందు నుంచే ఖరాబుంది సార్, ఇప్పుడు కనబడ్తుంది. కరెంటు పోయొస్తే అప్పుడప్పుడు కెర్నెల్ బిగుసుకపోతుంది."

"అప్పుడప్పుడే గదా?"

"కరెంటు గూడ అప్పుడప్పుడే పోతది సార్."

ఆయన మాట మార్చాడు. "ఎరుపు జూస్తే గిరాకీ పారిపోతది. పసుపు రంగు పెట్టు. మనది పసుపు జిల్లా, శుభం."

"రంగు మారిస్తే తప్పు పోదు గద సార్?"

"పోకుంటే పోకపాయె. కనబడకుంటె సాలు."

సౌందర్య ఆ పరీక్షకు రంగు మార్చింది. వారం తిరక్కుండా ఒక విలేకరి వచ్చి టీవీకి ఫొటో తీసుకుని, జిల్లా పంటకు సాంకేతిక నివాళి అని రాశాడు. మిగతా ఇంజనీర్లకూ దారి దొరికింది. తప్పినా సరిచేయడం బద్ధకమైన ప్రతి పరీక్షనూ పసుపులోకి తోసేశారు. పసుపు ఉడకబెట్టే రోజులు వచ్చేసరికి టీవీ విరగబూసిన పొద్దుతిరుగుడు చేనులా ఉంది.

అప్పుడే వేల్పూర్ నుంచి భూమవ్వ అనే రైతు సంచితో వచ్చి, బల్లమీద కుమ్మరించింది. ముద్దముద్దైన పసుపు కొమ్ములు.

"కరెంటు పోయొచ్చింది. మీ పెట్టె బిగుసుకపోయింది. ఆవిరి ఆగలే" అంది. తర్వాత తలెత్తి టీవీ చూసింది. "గా పసుపు బిళ్ళలేంది?"

"శుభమవ్వా" అన్నాడు భానుప్రసాద్ తొందరగా.

సౌందర్యకు ఇక నోరు ఆగలేదు. "తప్పిన పరీక్షలవ్వా. కరెంటు పోయొస్తే పెట్టె బిగుసుకపోతదని మాకు ముందే తెల్సు."

భూమవ్వ భానుప్రసాద్‌ను చూడలేదు. సౌందర్యనే చూసింది. "తెల్సి గూడ పంపినవా బిడ్డా?"

ఆ సాయంత్రం ఎవరినీ అడగకుండా సౌందర్య పసుపు రంగు తీసేసింది. ఒక్క పరీక్ష తప్పినా ఆ కెర్నెల్ అమ్మే పెట్టెల్లో దేనిలోకీ ఎక్కకుండా కోడ్‌లో తాళం వేసింది. మర్నాడు టీవీ నిండా ఎరుపే. భానుప్రసాద్ అరిచాడు, తర్వాత టీవీకి దుప్పటి కప్పించాడు. కానీ తాళం తీయమనలేదు. బల్లమీది పసుపు ముద్ద వాసన ఇంకా పోలేదు మరి.

తప్పు చివరికి దొరికింది. కరెంటు రాగానే వేడి చూసే ప్రోగ్రాము, ఆవిరి ఆపే ప్రోగ్రాము, నువ్వు ముందంటే నువ్వు ముందని ఒకదానికోసం ఒకటి ఆగిపోతున్నాయి. సౌందర్య దాన్ని సరిచేసింది. పట్టణంలో జరిగిన సభలో "మా కంపెనీల తప్పు దాచుడన్న ముచ్చటే ఉండది" అని చెప్పి శాలువా కప్పించుకున్నది మాత్రం భానుప్రసాద్.

అదే రోజు సౌందర్య వేల్పూర్‌లో ఉంది. కొత్త కెర్నెల్ ఎక్కించి, బాయిలర్ మండుతుండగా పెట్టె ప్లగ్గు పీకి మళ్లీ పెట్టింది. కొమ్ములు ఉడకగానే ఆవిరి ఆగింది.

భూమవ్వ కొంగు నడుముకు దోపుకుని దగ్గరికొచ్చింది.

"నువ్వు జరుగు బిడ్డా. ఈపారి నేను పీకుత."