టీవీ నేర్పిన పాట

హైటెక్ సిటీ నుంచి బాలానగర్ వెళ్లే బస్సులో నా పక్కన అరవై ఏళ్ల ఆవిడ కూర్చుంది. ఇయర్‌ఫోన్ ఊడి నా ఫోనులోని పాత ఇంగ్లీషు పాట బయటికి వినిపించగానే, ఆవిడ సన్నగా గొంతు కలిపింది. ఒక్క మాటా తప్పలేదు. ఆశ్చర్యపోయి చూశాను.

"బ్రిటన్‌ల ముసలోళ్ల హోంల పదేండ్లు నర్సుగ చేసిన బిడ్డా," అంది. "హాల్ల పొద్దంత టీవీల పాటల చానలే. పాట రాంగనే తాతలు సుత లేచి ఆడేటోళ్లు. మొదట్ల నాకు సిగ్గయ్యేది. మా ఇంట్ల చర్చి పాటలు తప్ప వేరేవి పాడనియ్యకపోయేటోళ్లు."

అక్కడ ఒక ముసలమ్మ కన్నకూతురి పేరు కూడా మరిచిపోయిందట. ఈ పాట వస్తే మాత్రం ఈవిడ చెయ్యి పట్టుకుని పాడేదట, సగంలో ఆపి, మిగతాది నువ్వు పాడు అన్నట్టు చూసేదట. ఆమె కోసమే టీవీలో కింద వచ్చే అక్షరాలు చదివి ఈవిడ పాట నేర్చుకుంది.

"ఆ ముసలమ్మ పోయేముందు కూతురు నన్ను ప్రార్థన చెయ్యమన్నది. కండ్లు మూసుకున్న. నోట్లకెళ్లి ఈ పాటే వచ్చింది." నా వైపు తిరిగింది. "అప్పటిసంది మనసుల గుంజుతది. తప్పు చేసిన్నంటవా?"

"అప్పుడు ఆ ముసలమ్మ ఏం చేసిందమ్మా?"

"నాతోని పెదాలు కదిపింది."

"మరి తప్పెట్లయితదమ్మా" అన్నాను.

బాలానగర్‌లో ఆవిడ లేచి, నా తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ఏదో ప్రార్థించింది. కండక్టర్ తొందరపెట్టినా పూర్తయ్యాకే దిగింది. నా కోసం అలా ఎవరైనా ప్రార్థించడం నేను అంతకుముందు చూడలేదు.